కాలువ నీళ్ళు ఆగిన సాక్ష్యం

నా కథల్లో నీళ్ళు ఎప్పుడూ ఉన్నచోట ఉండవు. మాచర్ల నుంచి నాపరాళ్ళ లోడు వేసుకొస్తుంటే ఒక మొసలి రోడ్డుకి అడ్డంగా పడుకుందని, ఐదుసార్లు హారన్ కొట్టాక లేచి, లారీ నంబరు చూసుకుని మరీ కృష్ణలోకి దిగిపోయిందని ఒకప్పుడు చెప్పాను. లారీ తోలడం మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. స్టీరింగు ముందు ఒంటరిగా కూర్చునేవాడికి కళ్ళు రోడ్డు మీద ఉంటాయి, బుర్ర ఇంకెక్కడో తిరుగుతుంటుంది. లారీ దిగాక ఆ బుర్రలోది బయటికి రావాలి గదా. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నమ్మించాలని నాకూ ఉండేది కాదు.

నా కథని నమ్మినవాళ్ళు దొరికినప్పుడు ఏం జరిగిందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. ఇందులో మొసలి లేదు.

మాది నకరికల్లుకి దగ్గర్లో ఉన్న ఊరు. ఊరి చివర మా కాలనీలో రేకుల కప్పుతో ఒక మందిరం ఉంది. ఆదివారం పాటలయ్యాక, అయ్యగారు వాక్యం చెప్పబోయే ముందు, సాక్ష్యాల సమయం. ఆ వారంలో దేవుడు తనకి చేసిన మేలేదో ఎవరికి వారు లేచి చెప్పుకోవాలి. నేను లేచానంటే ఆడవాళ్ళు చాపల మీద సర్దుకుని కూర్చునేవాళ్ళు.

ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దమ్మ కూర్చుంటుంది. నాకు రక్తసంబంధం కాదు, కాలనీ అంతటికీ పెద్దమ్మ. మందిరం గోడలకి ఇటుకలు మోసిన మనిషి. సాక్ష్యం చెప్పేటప్పుడు మధ్యలో "స్తోత్రం" అనడం అందరికీ అలవాటే గానీ, ఆవిడ అనేదానికి ఒక లెక్క ఉంది. మొదటి స్తోత్రానికి, వింటున్నాం చెప్పమని అర్థం. రెండోది పడిందంటే, దారి తప్పావు వెనక్కి రమ్మని. మూడోది వినపడిందంటే ఇంక కూర్చోవాలి. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. పై ఊళ్ళ నుంచి వచ్చే బోధకులకు కూడా రెండు ఆదివారాల్లో అర్థమైపోయేది. మా మేకకి కాలు విరిగితే ప్రార్థన చేశామని, లేచి నడిచిందని నేను మొదలుపెడితే, ఆ మేక కోటప్పకొండ మెట్లెక్కేలోపు మూడో స్తోత్రం పడేది. అందరూ నవ్వేవాళ్ళు. నేను కూర్చునేవాడిని. మేకకి కాలు బాగైన మాట వరకూ సంఘానికి మిగిలేది.

ఆ మూడు స్తోత్రాల విలువ నాకు అప్పుడు తెలియదు.

మా అక్క కూతురు బీఈడీ చదివింది. నాకు పిల్లల్లేరు. చిన్నప్పుడు లారీ క్యాబిన్‌లో నా పక్కన కూర్చుని గురజాల దాకా వచ్చి, దారి పొడుగునా "మావయ్యా ఇంకోటి చెప్పు" అని పీక్కుతిన్న పిల్ల అది. పెద్దదయ్యాక కూడా ఆదివారం వాళ్ళమ్మతో మందిరానికి వచ్చేది, వెనక గుమ్మం దగ్గర కూర్చునేది, పాటలు పాడేది. బాప్తిస్మం మాత్రం పుచ్చుకోలేదు. మా అక్క అడిగినప్పుడల్లా, "తొందరేందమ్మా, నాకనిపించినప్పుడు నేనే అడుగుతా" అనేది.

మందిరంలో మనుషులు పల్చబడుతున్న రోజులవి. మేస్త్రీ పనికి హైదరాబాదు పోయినవాళ్ళు కొందరు, దాచేపల్లి వైపు క్వారీలకి పోయినవాళ్ళు కొందరు. మిరపకోతలు మొదలైతే ఆదివారం కూడా చేలోనే. ఒక్కోవారం అయ్యగారు, మైకు, ఏడెనిమిది మంది ముసలాళ్ళు మిగిలేవాళ్ళు. ఊరి వాట్సాప్ గ్రూపు ఒకటుండేది గానీ అందులో రెండు పార్టీల తిట్లే. ఒకసారి మా అక్క తన మోకాళ్ళ నొప్పికి ప్రార్థించమని అందులో పెడితే, కింద ఎవడో వాళ్ళ నాయకుడి ఫొటో పెట్టాడు, దాని కింద ఇంకొకడు ఆ నాయకుడిని తిట్టాడు. మోకాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు.

"మనకని ఒకటుండాల మావయ్యా," అంది మేనకోడలు. "ఫేస్‌బుక్ లాగే ఉంటది. కాకపోతే తలుపేసుకునేది. మన సంఘమోళ్ళు తప్ప ఎవురూ రాలేరు, చూళ్ళేరు."

అయ్యగారు మొదట ఒప్పుకోలేదు. "ఫోన్లో సంఘమేందమ్మా? రేపు కానుక సంచి కూడా అందులోనే తిప్పుతామా?" అన్నారు. మేనకోడలు నాలుగు ఆదివారాలు వెంటబడి ఒప్పించింది. ఇల్లిల్లూ తిరిగి అందరి ఫోన్లలో పెట్టింది. పాస్‌వర్డ్ ఎవరికి నచ్చింది వాళ్ళని పెట్టుకోమంటే, సంఘంలో సగం మంది ఒకే బైబిల్ వాక్యం నంబరు పెట్టారు. "అట్టా అందరూ ఒకే తాళంచెవి పెట్టుకుంటే తలుపెందుకు పిన్నీ?" అని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది.

అది నిజంగా పనిచేసిందని చెప్పకపోతే అన్యాయం చేసినవాడినవుతాను. హైదరాబాదులో మా మేస్త్రీ ఒకడు పరంజా మీద నుంచి పడ్డాడు. ప్రార్థించండని వాడి పక్కవాడు అందులో నాలుగు మాటలు పెట్టాడు. ఊళ్ళో వాడి పెళ్ళాం బస్సెక్కేలోపే, హైదరాబాదులో వేరే వేరే చోట్ల పనిచేస్తున్న మనవాళ్ళు ముగ్గురు ఆస్పత్రిలో ఉన్నారు. ఒకే నగరంలో ఉన్నామని ఆ ముగ్గురికీ అంతకుముందు తెలియదు. తర్వాత వాళ్ళు ఒక గదిలో చేరి ఆదివారాలు పాటలు పాడుకోవడం మొదలుపెట్టారు. ఆ పాటలు మేము ఇక్కడ మందిరంలో మైకు దగ్గర ఫోను పెట్టుకుని వినేవాళ్ళం. పల్చబడిన సంఘం మళ్ళీ చిక్కబడింది. ఆ రోజు అయ్యగారు మేనకోడలి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

అందులో సాక్ష్యాలకి ఒక చోటుంది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఫోనే తెలుగులో రాసుకుంటుంది. క్వారీ దగ్గర లోడింగు కోసం లారీలు వరసలో నిలబడి ఉంటాయి. నాకు కావలసినంత తీరిక. పెద్దమ్మకి ఉన్నది బటన్ల ఫోను.

నాకు అడ్డం చెప్పేవాళ్ళు లేరన్నమాట.

మొదట చిన్నవి పెట్టాను. బ్రేకు పడని లారీ వాక్యం చదవగానే ఆగడం లాంటివి. ఆమెన్‌లు వచ్చాయి. ఆ ఆమెన్ సంగతి చెప్పాలి. మా వాళ్ళు ఎవరేం పెట్టినా ఆమెన్ నొక్కుతారు. నొక్కకపోతే ఎదుటివాడు చిన్నబుచ్చుకుంటాడు. పూర్తిగా చదివామని కాదు దాని అర్థం, నువ్వు పెట్టింది మా కళ్ళ పడిందని. పెళ్ళికి పోయి చదివింపులు రాయించడం లాంటిది.

ఇంత చేసిన మేనకోడలి గురించి ఎవరూ ఒక్క సాక్ష్యం కూడా పెట్టలేదని నాకు మనసులో ఉండేది. అది టీచరు పరీక్షకి చదువుకుంటూ కూడా సంఘం కోసం తిరిగింది. అంతకు మూడేళ్ళ ముందు దానికి డెంగీ జ్వరం వచ్చి, నరసరావుపేట ఆస్పత్రిలో నాలుగు రోజులుండి, తగ్గి ఇంటికొచ్చింది. జరిగింది అంతే. నేను మైకు బొమ్మ నొక్కాను.

డాక్టరు దుప్పటి మొహం మీదికి కప్పేశాడన్నాను. ఎసరు కాగేంత సేపు పిల్ల కదల్లేదన్నాను. మేం మోకరించగానే పైన ఫ్యాను వెనక్కి తిరిగిందన్నాను. పిల్ల లేచి కూర్చుని, మంచినీళ్ళు కూడా అడక్కుండా, నాకు బాప్తిస్మం ఇప్పించండి అందన్నాను. తెల్లారి సాగర్ కాలువకి తీసుకుపోతే, ఉరవడి మీదున్న నీళ్ళు పిల్ల కాలు పెట్టగానే నిలబడిపోయాయని, దిగువనున్న రైతులు పారలు పట్టుకుని తూము ఎవడు మూశాడని నీళ్ళు వదిలే లస్కరు మీదికి తగువుకొచ్చారని, పిల్ల బాప్తిస్మం పుచ్చుకుని గట్టెక్కాక గానీ నీళ్ళు కదల్లేదని చెప్పాను. ఫోను అక్షరం పొల్లుపోకుండా రాసింది. ఆదివారం మందిరంలో అయితే ఫ్యాను దగ్గర రెండో స్తోత్రం, మంచం మీద లేచి కూర్చునే దగ్గర మూడోది పడుండేవి. కాలువ దాకా పోయేవాడినే కాదు.

నలభై ఒక్క ఆమెన్‌లు వచ్చాయి. నాకు అన్ని ఎప్పుడూ రాలేదు.

ఆ సంతోషం పట్టలేక ఇంకో పని చేశాను. మాచర్లలో నాతో పాటు లారీ తోలిన పాత స్నేహితుడొకడున్నాడు, మా సంఘం వాడు కాదు. వాడికి ఆ పేజీని ఫొటో తీసి పంపాను. "చూడరా, ఈసారి కాలువనే ఆపేశా" అని కింద రాశాను. వాడు నవ్వే బొమ్మలు పెట్టాడు. వాడు ఎవరికి పంపాడో, వాళ్ళు ఎవరికి పంపారో నాకు తెలియదు. తలుపేసుకున్న ఇంటికి కిటికీ నేనే తీశాను.

మేనకోడలు టీచరు ఉద్యోగానికి ఎంపికైంది. జాబితాలో పేరు చూసుకున్న రోజు మా అక్క వీధిలో ప్రతి ఇంటికీ లడ్డూ పంచింది. ఇంకో పదిహేను రోజులకి మండలాఫీసు నుంచి పిలుపొచ్చింది. దాని కులం సర్టిఫికెట్ మీద ఎవరో అర్జీ పెట్టారు. ఎవరన్నది మాకు చెప్పలేదు. అర్జీకి జతగా నా సాక్ష్యం ఫొటో, దాని కిందనున్న నలభై ఒక్క పేర్లు.

మా కాలనీలో చాలామందికి కాగితాల్లో ఉన్నది ఒకటి, ఆదివారం పోయేది ఒక చోటికి. తాతల నాటి నుంచీ అంతే. సర్టిఫికెట్లో ఎస్సీ అనీ, హిందువు అనీ ఉంటుంది. బాప్తిస్మం పుచ్చుకుని క్రైస్తవులమయ్యామని తేలితే ఆ సర్టిఫికెట్ చెల్లదు, దానితో వచ్చిన ఉద్యోగం నిలవదు. మేనకోడలు ఆ కోటాలోనే ఎంపికైంది.

అది మా ఇంటికొచ్చింది. ఏడవలేదు, అరవలేదు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

"బయటికి పంపినోళ్ళ మీద నాకు కోపం లేదు మావయ్యా," అంది. "నా మీదే కోపం. నువ్వు పెట్టిన రోజే చూశా. తీసేసే అధికారం నాకే ఉంది గదా. తీసేద్దామని వేలు పెట్టా. నీకు అన్ని ఆమెన్‌లొచ్చినయ్, తీసేస్తే మావయ్య మొహం చిన్నబోద్దని వదిలేశా."

"పంపింది నేనేనే," అన్నాను. "మాచర్లకి ఫొటో పంపింది నేనే."

 "ఇదన్నా నిజమేనా?" అంది.



ఆదివారం మందిరంలో అయ్యగారు వాక్యం చెప్పలేదు. "మన ఇంట్లో మాట బయటికి ఎట్టా పోయింది?" అన్నారు.  అంతకుముందు ఆరాధన అయ్యాక గంట సేపు కబుర్లు చెప్పుకునే మనుషులు ఒకరి ఫోను వంక ఒకరు చూస్తున్నారు. కానుకల తర్వాత అయ్యగారు ఖాళీ సంచి మళ్ళీ తిప్పి, ఎవరి దాంట్లోంచి పోయిందో చూద్దామని ఫోన్లన్నీ అందులో వేయమన్నారు. వేశారు. ముప్ఫై ఫోన్ల బరువుకి సంచి పిడి ఊడింది. నేను లేచి నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి నా సాక్ష్యం రెండు వాక్యాల్లో అయిపోయింది. "ఆ పిల్ల బాప్తిస్మం అబద్ధం. బయటికి పంపింది నేను."

పెద్దమ్మ స్తోత్రం అనలేదు.

"మరి మనం పోయి చెబితే సరిపోద్ది గదా," అన్నాడొకడు. "ఈయన సంగతి ఊరందరికీ ఎరికే. అంతా అబద్ధమని సంతకాలు పెడదాం."

అప్పుడు మా మీద రెండో దెబ్బ పడింది. మండలాఫీసులో సాక్షి చెప్పేవాడు ముందు ఒక కాగితం నింపాలి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, మతం. మతం దగ్గర ఏం రాస్తాడు? ఉన్నది రాస్తే వాడి పిల్లల సర్టిఫికెట్లు పోతాయి. లేనిది రాస్తే, మరి ఆ పిల్ల బాప్తిస్మం సంగతి నీకెట్టా తెలుసు అంటారు. ఆమెన్ నొక్కిన నలభై ఒక్క పేర్లు ఇప్పటికే వాళ్ళ దగ్గరున్నాయి. ఒక్కొక్కరూ తల తిప్పుకున్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. ఒకరి కొడుకు పోలీసు సెలక్షన్లలో ఉన్నాడు, ఒకరి కూతురు నర్సింగు చదువుతోంది.

అయ్యగారి దగ్గర తిరుగులేని రుజువొకటుంది. బాప్తిస్మాల పుస్తకం. ఎవరెవరు ఏ తేదీన పుచ్చుకున్నారో సంతకాలతో సహా అందులో ఉంటుంది. మేనకోడలి పేరు అందులో లేదు. దాన్ని ఆఫీసరు ముందు తెరిస్తే చాలు, పిల్ల ఈ గొడవలోంచి బయటపడుతుంది. మిగతా అందరూ పట్టుబడతారు.

"ఒక్కదాని కోసం అందర్నీ ఎట్టా ఇయ్యమంటావయ్యా?" అన్నారు అయ్యగారు నాతో, మందిరం వెనక వేపచెట్టు కింద. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇయ్యకపోతే దాన్నెట్టా వదులుకోను?"

 నా దగ్గర మాట లేకపోవడం ఆయనా అప్పుడే చూశారు.

విచారణ రోజున నేను, మా అక్క, మేనకోడలు ఆటోలో బయలుదేరాం. కాలనీ మలుపులో పెద్దమ్మ చేతికర్ర అడ్డం పెట్టి ఆటో ఆపింది.

"జరగండే. నేనూ వస్తన్నా."

"నువ్వెందుకు పెద్దమ్మా?"

"ఒరేయ్, నువ్వు అబద్ధాలకోరువని చెప్పటానికి ఒక పెద్దమనిషి కావాలా వద్దా?" అని మా అక్క పక్కన ఎక్కి కూర్చుంది.

మండలాఫీసులో విచారణ చేసే ఆఫీసరు నెమ్మదైన మనిషి. నా సాక్ష్యం కాగితం మీద అచ్చువేయించి ముందు పెట్టుకున్నాడు. కొన్నిచోట్ల ఎర్ర గీతలున్నాయి.

"కాలవలో నీళ్ళు ఆగినయ్యని రాశావు. నిజమా?"

"అబద్ధం సార్."

"చచ్చిన పిల్ల లేచిందన్నావు?"

"జొరం వచ్చింది సార్, తగ్గింది. అంతే."

"ఫ్యాను వెనక్కి తిరగటం?"

"అదీ అబద్ధమే సార్."

ఆయన కాగితం పక్కన పెట్టాడు. "చూడయ్యా. ఇందులో నమ్మదగ్గ ముక్క ఒక్కటే ఉంది. బాప్తిస్మం. అబద్ధాలల్లేవాడు ఏదో ఒక నిజం గుంజకి కట్టే అల్లుతాడు. మిగతావన్నీ నువ్వల్లినయ్యే, ఒప్పుకుంటా. ఆ గుంజ కూడా నువ్వు పాతిందేనని నేనెట్టా నమ్మేది? ఆమె ఉద్యోగం కోసం ఇప్పుడు అల్లుతున్నావేమో."

పాతికేళ్ళుగా నన్నెవరూ నమ్మకపోవడంలో నాకొక సుఖముండేది. ఆ కుర్చీలో అదే నాకు ఎదురు తిరిగింది. మేనకోడలు చేతుల్లో ఫైలు పెట్టుకుని గోడ వంక చూస్తోంది.

పెద్దమ్మ కర్ర నేలకి తాటించింది. "అయ్యా, ఈడు చెడ్డీ ఏసుకున్నకాడ్నుంచి నాకు తెలుసు. మేకని కొండెక్కించినోడు, పిల్లని కాలవలో ముంచటం ఒక లెక్కా? నేను మందిరంలో ముందు వరసలో కూకునేదాన్ని. ఆ పిల్ల పుచ్చుకోలేదు. పుచ్చుకునుంటే తువ్వాలు పట్టుకుని గట్టున నిలబడేది నేనే. ఈ ముప్ఫయ్యేళ్ళల్లో నా తువ్వాలు లేకుండా ఎవురూ గట్టెక్కలా."

"ఇది నింపాలమ్మా," అని ఆయన కాగితం జరిపాడు. "కులం, మతం."

"రాసుకో నాయనా. ఏసయ్య బిడ్డనని రాసుకో. నాకేమన్నా ఉద్యోగమిస్తావా, ఊడబీకుతావా?"

ఆయన మొహంలో నవ్వు లాంటిది వచ్చిపోయింది. రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. ఇంకో కాగితం నాకిచ్చాడు. మా నాన్నకి ప్రభుత్వమిచ్చిన అరెకరం పట్టా ఉంది. అది ఇప్పుడు నా పేరు మీద ఉంది, ఎస్సీ అన్న మాట మీదే ఉంది. నా పెన్ను మతం అన్న గడి దగ్గర ఆగింది. ఆ గడిలో ఇప్పటిదాకా ఎప్పుడూ 'హిందువు' అనే రాశాను. బళ్ళో చేరినప్పుడు, కులం సర్టిఫికెట్టప్పుడు, రేషన్ కార్డప్పుడు. చేతికి అలవాటైన మాట అది. ఈసారి 'క్రైస్తవుడు' అని రాశాను.

ఆఫీసరు చదివి తలెత్తాడు. "ఇది కొట్టేస్తావా? కొత్త కాగితమిస్తా. నీ పట్టా సంగతి ఏమవుద్దో తెలుసా?"

"తెలవదు సార్."

"నాకూ ఇప్పుడే చెప్పటానికి లేదు."

"ఉండనీయండి సార్," అన్నాను. "నేను పుచ్చుకున్నా. అదే కాలవలో, పన్నెండేళ్ళ కింద. నీళ్ళు ఆగలేదు. బురదలో కాలు జారింది. ఎడమ చెప్పు కొట్టుకుపోయింది. మునిగినప్పుడు చెవుల్లో నీళ్ళుపోయి రెండు రోజులు సరిగ్గా వినపడలా. గట్టెక్కితే ఈ పెద్దమ్మ తువ్వాలిచ్చింది. ఒంటికాలి చెప్పుతో ఇంటికి నడిచా. పుచ్చుకోవటమంటే ఏందో నాకు తెలుసు సార్. ఆ పిల్ల పుచ్చుకోలేదు."

 నా పక్కన పెద్దమ్మ ఉంది. నేను మాట్లాడినంత సేపూ ఒక్క స్తోత్రం కూడా అనలేదు. ఆపాల్సిన చోటు ఆవిడకి దొరకలేదనుకుంటాను.

ఆఫీసరు నేను చెప్పింది రాసుకున్నాడు. చెప్పు సంగతి కూడా రాసుకున్నాడు.

తర్వాత మేనకోడలిని కూడా వాంగ్మూలం రాసిమ్మన్నాడు. అది బల్ల చివర కూర్చుని, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. బయటికొచ్చాక మెట్ల మీద నేనడిగాను.

"ఏం రాశావే?"

"బాప్తిస్మం పుచ్చుకోలేదని రాశా. పుచ్చుకోనని కూడా రాశా."

"పుచ్చుకోనని ఎవురు రాయమన్నారే?"

"ఎవురూ రాయమన్లా." ఫైలు గుండెలకి ఆనించుకుంది. "భయానికి చెయ్యి రాసేసింది మావయ్యా. ఎప్పుడన్నా నాకనిపించినప్పుడు నేనే అడుగుదామనుకున్నా. ఇప్పుడు ఆ మాట నా సంతకంతో ఆ బీరువాలో ఉంటది."

మా అక్క ఆ మాట వింది. ఆటోలో ఇంటికొచ్చేదాకా కొంగు నోట్లో పెట్టుకునే కూర్చుంది.

రెండు నెలలకి సర్టిఫికెట్ నిలిచింది. పోస్టింగు బొల్లాపల్లి వైపు ఒక బడికి వచ్చింది. నా పట్టా గురించి ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు. అడగరన్న ధైర్యమూ లేదు. మండలాఫీసు జీపు కాలనీలోకి వచ్చిందంటే పట్టా కాగితం దాచిన పెట్టె వంక చూస్తాను.

మేనకోడలు ఇప్పుడు ఆదివారం మందిరానికి రాదు. గుమ్మం దగ్గర అది కూర్చునే చోట మా అక్క కూర్చుంటుంది. ఎవరైనా చెప్పులు విప్పుతున్న చప్పుడైతే తిరిగి చూస్తుంది. సాక్ష్యాల సమయంలో అయ్యగారు నా వంక చూస్తారు. నేను లేవను. హైదరాబాదు వాళ్ళ పాటలు మైకులో వినిపించడం కూడా ఆగిపోయింది. ఆ గదిలో వాళ్ళు ఇంకా పాడుకుంటున్నారో లేదో మాకు తెలియదు. పల్చబడ్డప్పటి కన్నా ఇప్పుడు మందిరంలో మనుషులు ఎక్కువే ఉన్నారు, ఒకరికొకరు దూరంగా కూర్చుంటున్నారు.

ఉద్యోగంలో చేరే ముందు అది ఆ ఫోను సంఘాన్ని మూసేసింది. అధికారం దానిదే కాబట్టి, ఒక్కొక్కరినీ తీసేయాల్సింది అదే. నేను మాచర్ల క్వారీలో లోడింగు వరసలో ఉన్నాను. మిట్టమధ్యాహ్నం. ఫోను చూస్తుంటే పేర్లు ఒక్కొక్కటే పోతున్నాయి. పరంజా మీద నుంచి పడ్డ మేస్త్రీ పోయాడు. అయ్యగారు పోయారు. మా అక్క పోయింది. చివరికి రెండు పేర్లు మిగిలాయి, దానిదీ నాదీ.

నా వంతు కోసం చూస్తున్నాను. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక మాట వచ్చింది.

"మావయ్యా, ఒకటి చెప్పు."

మైకు బొమ్మ నొక్కలేదు. నాకు చేతకాకపోయినా అక్షరం అక్షరం కొట్టాను. ఒక బడి ఉందట, అని మొదలుపెట్టాను. కొత్త పంతులమ్మ వచ్చిందట. ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే గంట దానంతటదే మోగిందట.

"స్తోత్రం," అని వచ్చింది.

నా కళ్ళు మసకేశాయి. అయినా ఆగలేదు. ఆ గంట మోతకి బొల్లాపల్లి అడవిలో మేకలన్నీ పలకలు పట్టుకుని వరసగా దిగాయట.

"స్తోత్రం."

ఆ మేకల్లో ఒకదానికి కాలు విరిగిందట. దాన్ని పంతులమ్మ చంకనెత్తుకుని, కాలువ గట్టు మీదుగా—

"స్తోత్రం," అని వచ్చింది.

ఆ తర్వాత తెర మీద ఆ పేజీ లేదు. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు. నా ముందు వరస ఎప్పుడో కదిలిపోయింది.